ఖాళీగా పడితే ఒక లెక్క, తలతో పడితే ఇంకో లెక్క

బండి సీటు మీద పెట్టిన హెల్మెట్ నా మోచెయ్యి తగిలి జారింది. సిమెంటు నేల మీద టక్కున పడి, ఒకసారి ఎగిరి, పక్కకి దొర్లింది. తీసి చూస్తే కుడి చెవి పైభాగంలో రెండంగుళాల గీత. పెయింటు లేచిపోయి కింద ఉన్న తెలుపు కనిపిస్తోంది. కొని రెండేళ్లు కూడా కాలేదు. ఆ రోజంతా నాకు ఒకటే టెన్షన్. మార్చాలా, అక్కర్లేదా?

అడిగినవాళ్లలో కొందరు "ఒక్కసారి కింద పడిందంటే ఇక పనికిరాదు, మార్చెయ్" అన్నారు. ఇంకొందరు "గీతే కదా, ఏమీ కాదు" అన్నారు. ఎవరి మాటలో వాళ్లకి ధీమా ఉంది గానీ కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. పడినప్పుడు అందులో తల ఉందా అని నన్ను తిరిగి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మార్చాలా వద్దా అనేది ముందు ఆ ప్రశ్న మీదే ఆధారపడుతుందని నాకు తెలిసేసరికి మూడు రోజులు పట్టింది. తెలిశాక చూసుకుంటే, మూడు రాత్రులు నేను బాధపడింది అక్కర్లేని గీత గురించి. బాధపడాల్సిన దెబ్బ అదే హెల్మెట్‌లో ఇంకోవైపు ఉంది. దాన్ని పెట్టుకుని ఐదు నెలలు తిరిగాను.

హెల్మెట్ అనగానే మన కంటికి కనిపించేది పై డొల్ల. గట్టిగా, నున్నగా, రంగులతో ఉంటుంది. మనం చూసి మురిసిపోయేదీ, గీత పడితే బాధపడేదీ దాని గురించే. తలని కాపాడే పనిలో ఎక్కువ భాగం మాత్రం డొల్ల కింద దాక్కున్న థర్మోకోల్ చేస్తుంది. కొత్త టీవీ పెట్టెలో అటూ ఇటూ పెట్టి పంపే థర్మోకోల్ జాతే ఇది, ఇంకా దట్టంగా చేస్తారు. సన్నటి గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒక్కో గింజ లోపలా గాలితో నిండిన చిన్న చిన్న గదులుంటాయి. తల వచ్చి గుద్దుకున్నప్పుడు ఆ గదుల గోడలు వంగి కూలిపోతాయి. కూలడానికి కావాల్సిన శక్తిని అవి మన తల వేగంలోంచే లాక్కుంటాయి. నలిగిన థర్మోకోల్ స్పాంజిలా పూర్తిగా పైకి లేవదు. లేస్తే తీసుకున్న శక్తిని మళ్లీ తలకే తిప్పి కొట్టేది. నలిగింది నలిగినట్టు ఉండిపోవడం వల్లే మనం బతుకుతాం. అందుకే ఆ చోట అది రెండోసారి పనికిరాదు కూడా.

ఈ ఆలోచన హెల్మెట్లతో పాటే పుట్టలేదు. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుబడ్డ బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ 1935 మేలో మోటారు సైకిలు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకరు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తొలి 21 నెలల్లో బ్రిటన్‌లో 2,279 మంది మోటారు సైకిలు నడిపేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు చనిపోయారని అందులో లెక్క ఇచ్చాడు. హెల్మెట్ ఉండగా ప్రమాదానికి గురైనవాళ్లు ఆయనకి దొరికింది ఏడుగురే, ఆ ఏడుగురూ బతికారు. లెక్కలో వెనక కూర్చున్నవాళ్లని కూడా ఆయన కలిపిన సంగతి గుర్తుంచుకోండి, ఆ మాటకి మళ్లీ వస్తాను.

అప్పటి హెల్మెట్లలో గట్టి డొల్ల, దాని లోపల తలని వేలాడదీసే పట్టీలు ఉండేవి. తలకీ డొల్లకీ మధ్య నలిగిపోయే పొర ఒకటి ఉండాలన్న ఆలోచనతో అమెరికాలో రోత్, లోంబార్డ్ అనే ఇద్దరు 1947లో దరఖాస్తు చేశారు, 1953లో పేటెంట్ వచ్చింది. ఈ రోజు మన తల మీద ఉన్నది ఆ ఆలోచనకి వారసురాలే. ఒక వస్తువు తను పాడై మనిషిని కాపాడాలని మొదట అనుకున్నవాళ్ల మీద నాకు చాలా గౌరవం.

ఇప్పుడు నా గీత సంగతికి వస్తాను. సీటు ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. హెల్మెట్ బరువు ఒకటిన్నర కిలో అనుకుందాం. అక్కడి నుంచి ఖాళీగా పడితే నేలకి తగిలేటప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు 12 జౌల్స్. ఆ కాస్తా కూడా చాలావరకు డొల్ల వంగడంలో, ఎగరడంలో, చప్పుడులో పోతుంది. లోపల బరువైనది ఏదీ లేదు కాబట్టి థర్మోకోల్‌ని నలిపే చెయ్యి లేదు. ఒకవైపు నేల, ఇంకోవైపు తల, మధ్యలో థర్మోకోల్ ఇరుక్కుంటేనే అది నలుగుతుంది. ఖాళీ హెల్మెట్‌లో ఆ రెండో చెయ్యి ఉండదు.

అదే హెల్మెట్‌లో తల ఉంటే ఏమవుతుందో చూడండి. పెద్దవాళ్ల తల నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి పడితే తల నేలని తాకే వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు, శక్తి 70 జౌల్స్ పైనే. యూరప్ దేశాల్లో వాడే ఇ.సి.ఇ. 22.06 ప్రమాణంలో ఇనపదిమ్మె మీద వేసి చేసే పరీక్షల్లో ఒకటి సెకనుకి 7.5 మీటర్ల వేగంతో, అంటే గంటకి 27 కిలోమీటర్లతో జరుగుతుంది. చాలామంది ఆ అంకె విని "ఇంతేనా?" అంటారు. బండి 80లో వెళ్తుంటే 27 ఏం సరిపోతుందని వాళ్ల సందేహం. తల నేలని గుద్దేది కింద పడే వేగంతో, బండి ముందుకు వెళ్లే వేగంతో కాదు. ముందు గోడో, కారో, స్తంభమో అడ్డొస్తే అది వేరే కథ. మామూలుగా జారి పడినప్పుడు తలకి తగిలే దెబ్బని ఎక్కువగా నిర్ణయించేది తల ఉన్న ఎత్తే.

నేను పొరబడింది సరిగ్గా ఇక్కడే.

గీత పడిన మూడో రోజు పగటి వెలుతురులో కూర్చుని హెల్మెట్ మొత్తం విప్పాను. చెంప దిండ్లు, తల దిండు బొత్తాలు ఊడదీస్తే వచ్చేస్తాయి. గీత పడ్డ చోట డొల్లని బొటనవేళ్లతో నొక్కాను, మెత్తగా లేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి పక్కల నుంచి కొంచెం ఒత్తాను, కిర్రుమనలేదు. కింద ఉన్న థర్మోకోల్ కుడివైపు నున్నగా, పగులు లేకుండా ఉంది. ఊపిరి పీల్చుకుని, ఊరికే చేత్తో లోపలంతా తడిమాను. ఎడమవైపు వెనక భాగంలో వేలికి ఏదో తేడా తెలిసింది. లైటు వేసి చూశాను. రూపాయి బిళ్లంత మేర గింజలు అణిగిపోయి మెరుస్తున్నాయి. దాని పక్కనే వెంట్రుకంత సన్నటి పగులు. బయట అదే చోట డొల్ల మీద ఉన్నది గోటితో గీకితే పోయేంత లేత మరక.

అది ఎక్కడిదో గుర్తుకు రావడానికి చాలాసేపు పట్టింది. ఐదు నెలల కిందట ఒక మలుపులో కంకర మీద ముందు చక్రం జారింది. బండి మెల్లగానే వెళ్తోంది, పరుగెత్తే మనిషి వేగం కూడా లేదు. పక్కకి ఒరిగాను, భుజం తగిలింది, తల నేలకి తాకింది. లేచి, దుమ్ము దులుపుకుని, అద్దం సరిచేసుకుని వెళ్లిపోయాను. తలనొప్పి కూడా రాలేదు. ఇంట్లో చెప్పినప్పుడు "పడలేదు, ఒరిగానంతే" అన్నాను. బండి మెల్లగా వెళ్తోంది కాబట్టి తల కూడా మెల్లగా తగిలి ఉంటుందని అనుకున్నాను. బండి ఆగి ఉన్నా సరే, మీటరున్నర ఎత్తు నుంచి తల పడితే అది మీటరున్నర ఎత్తు నుంచి పడినట్టే. తలనొప్పి రాలేదంటే హెల్మెట్ తన పని చేసిందని అర్థం. హెల్మెట్‌కి ఏమీ కాలేదనడానికి దాన్నే సాక్ష్యంగా పెట్టుకున్నాను.

ఆ రూపాయి బిళ్లంత మచ్చ వల్ల ఏం పోతుంది అని మీరు అడగొచ్చు. కొంచెం లెక్క చూద్దాం. తల సెకనుకి 7.5 మీటర్ల వేగంతో వచ్చి, థర్మోకోల్ 25 మిల్లీమీటర్లు నలిగి ఆగిందనుకోండి. సగటున భూమ్యాకర్షణకి 115 రెట్ల జోరుతో ఆగినట్టు. అందులో 10 మిల్లీమీటర్లు ముందే ఖర్చయిపోయి 15 మాత్రమే మిగిలితే, అదే తల 190 రెట్ల జోరుతో ఆగాలి. ఇవి సగటులు, నిజంగా తగిలే గరిష్ఠం వీటికన్నా ఎక్కువే ఉంటుంది. ఇ.సి.ఇ. ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 275 రెట్లు. పైకి కనిపించని ఒక సెంటీమీటరు పోతే ఆ హద్దుకి మనం ఎంత దగ్గరికి జరుగుతామో చూడండి.

మచ్చ కనిపించడం కూడా నా అదృష్టం. థర్మోకోల్ నలిగాక కొంతవరకు మళ్లీ పైకి లేస్తుంది, చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది. లోపలి గోడలు మాత్రం కూలిపోయే ఉంటాయి. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, డొల్లకి ఆనుకుని ఉన్న వైపు నలిగితే హెల్మెట్ కోస్తే తప్ప మనకి కనిపించదు. డొల్ల ఏం పదార్థంతో చేశారన్నది కూడా ఉంది. ఫైబర్ గ్లాసు అయితే గట్టి దెబ్బకి తెల్లటి సాలెగూడు లాంటి బీటలు వచ్చి కాస్త చెప్తుంది. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్ అయితే వంగి, మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది. పైన ఏమీ ఉండదు, దెబ్బంతా లోపలే ఉంటుంది.

కాబట్టి తల ఉండగా తగిలిన దెబ్బ విషయంలో నాకిప్పుడు పరీక్షల మీద నమ్మకం లేదు. దిండ్లు విప్పి చూసి బాగానే ఉంది అనుకోవడానికి మనకి హక్కు లేదు. బండి వేగం ఎంతైనా, గీత పడినా పడకపోయినా, తల లోపల ఉండగా హెల్మెట్ నేలకో, గోడకో గట్టిగా తగిలిందంటే దాని పని అయిపోయింది. తలుపు చట్రానికి తల టక్కుమన్నట్టు తగలడం గురించి కాదు నేను చెప్పేది. మనిషి పడ్డాడు, తల నేలకి తగిలింది అంటే చాలు. కొన్ని కంపెనీలు తాము తయారుచేసిన హెల్మెట్లని పరీక్షించి చెప్తాయి, ఆ వీలుంటే వాళ్లకి పంపి అడగడం మంచిదే. ఆ వీలు లేనప్పుడు మన కంటిని ఎక్స్-రే అనుకోకూడదు.

దీనికి ఒకరు మంచి అడ్డు ప్రశ్న వేశారు. కొన్ని ప్రమాణాల్లో ఒకే చోట రెండుసార్లు కొట్టి చూస్తారు కదా, అంటే రెండో దెబ్బకీ ఆగుతుందనేగా? నిజమే, అమెరికా ప్రభుత్వ ప్రమాణంలోనూ, హెల్మెట్లని పరీక్షించే స్నెల్ ఫౌండేషన్ అనే సంస్థ పరీక్షలోనూ అలా చేస్తారు. ఒకే ప్రమాదంలో తల ముందు వాహనానికి, తర్వాత రోడ్డుకి తగిలే అవకాశం ఉందనేది దానికి చెప్పే కారణం. ఆ రెండో దెబ్బ అదే రోజు, అదే క్షణంలో రాబోయే దెబ్బ కోసం దాచిన నిల్వ. వచ్చే ఏడాది ప్రమాదానికి దాన్ని వాడుకుందామంటే, ఎంత మిగిలిందో తెలియని డబ్బాలోంచి అప్పు తీసుకున్నట్టు.

ఖాళీగా పడిన హెల్మెట్ విషయంలో నా మాట దీనికి పూర్తిగా వేరు. చేతిలోంచో, సీటు మీంచో, బల్ల మీంచో ఒకసారి పడితే కంగారు పడొద్దు. విప్పి, వెలుతురులో చూసి, డొల్ల పగల్లేదు, థర్మోకోల్ డొల్ల నుంచి విడిపోలేదు, పట్టీ రివెట్లు కదల్లేదు, ముఖం ముందుండే వైజర్ సరిగ్గా మూసుకుంటోంది అంటే పెట్టుకోండి. స్నెల్ ఫౌండేషన్ వాళ్లు కూడా అసలు నష్టం తల లోపల ఉండగా తగిలినప్పుడే వస్తుందని చెప్తారు, అయితే పదేపదే పడేస్తుంటే క్రమంగా పాడవుతుందని కూడా అంటారు. మేడ మీంచి పడినా, వెళ్తున్న బండి మీంచి ఎగిరి రోడ్డు మీద దొర్లినా దాన్ని ఈ లెక్కలో వెయ్యకండి. ఫైబర్ గ్లాసు డొల్ల అలాంటప్పుడు ఖాళీగానే చిట్లగలదు.

"ఏమాత్రం సందేహం ఉన్నా మార్చెయ్" అనే మాట వినడానికి భద్రంగా ఉంటుంది. నేను దాన్ని సమర్థించలేకపోతున్నాను. ప్రతి గీతకీ మార్చడం ఎవరి వల్లా కాదు. రెండుసార్లు చేతిలోంచి జారాక, మార్చలేక, "ఏమవుతుందిలే" అని వదిలేస్తారు. ఆ వదిలేయడం అలవాటైపోతుంది. అసలైన దెబ్బ తగిలిన రోజు కూడా నోటికి ఆ మాటే వస్తుంది. నాకు జరిగింది అదే. చిన్నవాటికి కూడా మార్చాలని చెప్పే మాటని నేను ముందే లోలోపల కొట్టిపారేశాను కాబట్టి, మలుపులో పడిన రోజు ఆ మాట నాకు గుర్తు కూడా రాలేదు. ఎప్పుడు అక్కర్లేదో నమ్మకంగా చెప్పగలిగితేనే, ఎప్పుడు తప్పదో చెప్పినప్పుడు మనుషులు వింటారు.

కింద పడకుండానే హెల్మెట్ పాడయ్యే దారులు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ దెబ్బ అనుకోరు. బండి ఆపి హెల్మెట్‌ని సైడు అద్దానికి బోర్లించి తగిలించే అలవాటు చాలామందికి ఉంది. అద్దం కొన లోపలి దిండుని నొక్కి, దాని కింద థర్మోకోల్‌లో గుంట చేస్తుంది. రోజూ అదే చోట. పెట్రోలు ట్యాంకు మీద పెట్టడం కూడా అలాంటిదే. పెట్రోలు థర్మోకోల్‌ని కరిగించేస్తుంది, కొన్ని ప్లాస్టిక్ డొల్లలని బలహీనం చేస్తుంది. థిన్నర్, కొన్ని రకాల పెయింట్లు, స్టిక్కర్ల జిగురు కూడా అంతే. డొల్ల మీద గీత కనపడకుండా పెయింటు కొట్టించాలనుకునేవాళ్లు దయచేసి ఆగండి. వైజర్ మీద గీతలు పడితే మాత్రం అది వేరే సంగతి, వైజర్ ఒక్కటే మార్చుకోవచ్చు. రాత్రిపూట ఎదురు లైట్లకి ఆ గీతలన్నీ వెలిగి రోడ్డు కనపడదు కాబట్టి దాన్ని వాయిదా వెయ్యకండి.

వయసు గురించి కూడా అడుగుతారు. వాడకం మొదలుపెట్టిన ఐదేళ్లకి మార్చమని స్నెల్ వాళ్ల సలహా. థర్మోకోల్ ఒక్కటే చూస్తే అంత త్వరగా ముసలిదైపోదు. సైకిల్ హెల్మెట్ల లోపలి పొరని కోసి పరీక్షించినప్పుడు 26 ఏళ్ల పాతవాటిలో కూడా దాని గుణం పెద్దగా మారలేదని తేలింది. చెడిపోయేవి మిగతావి: చెమటకి, తలనూనెకి నానిన జిగుర్లు, పీచు లేచిన గడ్డం పట్టీ, అరిగిన బకిల్, అన్నిటికన్నా ముఖ్యంగా అణిగిపోయిన దిండ్లు. దిండ్లు అణిగితే హెల్మెట్ వదులవుతుంది. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపినప్పుడు హెల్మెట్ తలతో పాటు కాకుండా వెనకబడి తిరుగుతుంటే, దాని మీద ఒక్క గీత లేకపోయినా అది సరైన హెల్మెట్ కాదు.

ఈ వాక్యం రాస్తుంటే నాకు మా అక్క గుర్తొచ్చింది.

మా ఇంట్లో అల్మారా మీద ఒక పాత హెల్మెట్ ఉండేది. వదులైపోయిందని నేను మానేసి కొత్తది కొనుక్కున్నాను. పాతది పారెయ్యకుండా వెనక కూర్చునేవాళ్ల కోసం ఉంచాను. అక్క నా బండి ఎక్కినప్పుడల్లా అదే పెట్టుకునేది. "ఇది నాకు వదులుగా ఉందిరా, నువ్వు బ్రేకు వేసినప్పుడల్లా కళ్ల మీదకి వస్తోంది" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. "దగ్గరే కదా అక్కా, పట్టీ ఇంకొంచెం బిగించుకో" అన్నాను. నా తలకి పనికిరాదని నేనే తేల్చిన వస్తువుని అక్క తల మీద పెట్టాను. అప్పుడు అది నాకు తప్పుగా తోచనే లేదు. వెనక కూర్చున్న మనిషి అదే ఎత్తులో ఉంటుంది, అదే నేల మీద పడుతుంది. పైగా బండి జారబోతోందని ముందు తెలిసేది నాకు, ఆమెకి ఆ క్షణం ముందు హెచ్చరిక కూడా ఉండదు.

మచ్చ బయటపడిన రోజు సాయంత్రం మా తమ్ముడు కూడా సరిగ్గా అదే మాట అన్నాడు. "కొత్తది ఎలాగూ కొంటున్నావు కదా అన్నయ్యా, ఇది పారెయ్యకు. వెనక ఎవరైనా కూర్చుంటే పనికొస్తుంది." వాడిలో ఏ దురుద్దేశమూ లేదు, నేను ఏళ్ల తరబడి చేసిందే వాడు చెప్పాడు. హెల్మెట్ వాడి చేతికిచ్చి, ఎడమవైపు వెనక వేలు పెట్టించాను. తడిమాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అక్కది కూడా చూద్దాం" అన్నాడు.

అల్మారా మీంచి అది దించాం. దిండ్లు అట్టల్లా అయిపోయాయి, పట్టీ కుట్టు ఒకచోట ఊడింది. చెత్తలో వేస్తే ఎవరైనా తీసుకుని పెట్టుకుంటారేమోనని కత్తెర తెచ్చి రెండిటి గడ్డం పట్టీలూ మొదట్లోకి కత్తిరించాం, డొల్లల మీద చెరిగిపోని మార్కరుతో "పనికిరాదు" అని పెద్దగా రాశాం. మర్నాడు అక్కని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె నాలుగు పెట్టుకుని చూసింది. ఒక్కొక్కటి పెట్టుకున్నాక పట్టీ బిగించి, తల ఊపమన్నాను. నాలుగోది ఊపినప్పుడు చెంపల చర్మం కూడా హెల్మెట్‌తో పాటే కదిలింది. "ఇది బిగుతుగా ఉందిరా" అంది. అదే తీసుకున్నాం.